పెరట్లో పూత ఫొటో తీస్తున్నారా? మెగాపిక్సెల్స్ పక్కన పెట్టి దూరం చూడండి

కొత్త ఫోన్ కెమెరా ఎలా ఉందో చూడాలంటే మనలో చాలామంది చేసే పని ఒకటే. రాత్రిపూట వీధి లైటు కింద ఒక ఫొటో, ఫ్రెండ్‌ని నిలబెట్టి ఒక పోర్ట్రెయిట్. ఆ రెండూ ఇప్పుడు బడ్జెట్ ఫోన్లు కూడా బాగానే లాగించేస్తున్నాయి. ఫోన్‌ని నిజంగా ఇరకాటంలో పెట్టాలంటే పెరట్లోకి తీసుకెళ్లండి. మునగ చెట్టు కిందో, పూతకొచ్చిన మామిడి కిందో నిలబడి ఒక్క పూగుత్తిని తీసి చూడండి. 200 మెగాపిక్సెల్ అని డబ్బా మీద రాసుకున్న ఫోన్ కూడా పాలిపోయిన మచ్చలు, వెనకాల తెల్లగా మండిపోయిన ఆకాశం చేతిలో పెట్టే అవకాశం గట్టిగా ఉంది.

కారణం సింపుల్. ఫోన్ కెమెరాకి ఉన్న బలహీనతలన్నీ చెట్టు పూతలో ఒకేచోట ఎదురవుతాయి. పువ్వు చిన్నది. తెల్లగానో, లేత పసుపుగానో ఉంటుంది. కింద నుంచి చూస్తాం కాబట్టి వెనక వెలుగు ఎక్కువ. కొమ్మ ఒక్క క్షణం కుదురుగా ఉండదు. పైగా అన్నీ సన్నని కాడలు, కేసరాలు. పువ్వు ఎక్కడ అయిపోయి బ్యాక్‌గ్రౌండ్ ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్‌కి అంతుపట్టదు. మందారం, గులాబీ ఇంత సతాయించవు. అరచేతిలో పట్టేంత పువ్వుని ఏ ఫోనైనా తీస్తుంది.

అసలు లెక్క దూరంలో ఉంది

ప్రతి లెన్స్‌కీ ఒక హద్దు ఉంటుంది. అంతకంటే దగ్గరికి వెళ్తే ఫోకస్ పడదు. దీన్నే మినిమమ్ ఫోకస్ డిస్టెన్స్ అంటారు. స్పెక్ షీట్‌లో ఎపర్చర్, సెన్సర్ సైజు, ఓఐఎస్ అన్నీ రాస్తారు గానీ ఈ ఒక్క అంకె మాత్రం చాలా కంపెనీలు రాయవు. ఇంకో తమాషా, సెన్సర్ పెద్దదయ్యే కొద్దీ ఈ దూరం సాధారణంగా పెరుగుతుంది. పెద్ద సెన్సర్‌కి అసలు ఫోకల్ లెంగ్త్ ఎక్కువుండే లెన్స్ కావాలి, దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయాలంటే అది ఎక్కువ దూరం జరగాలి, అంత పల్చటి ఫోన్‌లో అంత చోటు ఎక్కడుంది? అందుకే నాలుగేళ్ల కిందటి మామూలు ఫోన్ పువ్వుకి దగ్గరగా ఫోకస్ చేస్తే, కొత్త ఫ్లాగ్‌షిప్ మెయిన్ కెమెరా అదే దూరంలో మసకగా తీస్తుంటుంది. ఫోన్ పాడైందేమో అని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకండి, దాని ఫిజిక్సే అంత.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఈ కాలపు మెయిన్ కెమెరాల్లో చాలావాటికి ఈ హద్దు 15-20 సెంటీమీటర్ల దగ్గర ఉంటోంది. వేప పువ్వు వెడల్పు సెంటీమీటరు అనుకోండి. 24 ఎంఎం ఈక్వివలెంట్ మెయిన్ కెమెరాతో 20 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రేమ్‌లో అడ్డంగా దాదాపు 30 సెంటీమీటర్ల మేర పడుతుంది. అంటే మన పువ్వు ఫ్రేమ్‌లో ముప్ఫయ్యో వంతు. 12 మెగాపిక్సెల్ ఫొటోకి అడ్డంగా 4000 పిక్సెల్స్ ఉంటే, పువ్వుకి దక్కేవి 130 చిల్లర. మీ వాట్సాప్ స్టిక్కర్‌కి అంతకంటే ఎక్కువ ఉంటాయి!

దీన్ని దాటడానికి కంపెనీలు రెండు దారులు పట్టాయి. మొదటిది అల్ట్రావైడ్ కెమెరాకి ఆటోఫోకస్ ఇచ్చి పువ్వు మీదకి దూసుకెళ్లడం. 2021లో ఐఫోన్ 13 ప్రో 2 సెంటీమీటర్ల దాకా వెళ్లింది, 2022లో పిక్సెల్ 7 ప్రో 3 సెంటీమీటర్లు అంది. రెండోది టెలిఫొటో లెన్స్‌నే దగ్గరి ఫోకస్ చేయగలిగేలా తయారు చేయడం. 2023లో షావోమీ 13 ప్రోలోని 75 ఎంఎం కెమెరా 10 సెంటీమీటర్ల దూరంలోనూ ఫోకస్ చేసేది. టెలీమాక్రో అని ఇప్పుడు వివో లాంటి బ్రాండ్లు కూడా ఊదరగొడుతున్నది దీన్నే.

కాగితం మీద చూస్తే రెండు పద్ధతుల్లోనూ పువ్వు ఇంచుమించు ఒకే సైజులో వస్తుంది. రెండిట్లోనూ ఫ్రేమ్ అడ్డంగా సుమారు ఐదు సెంటీమీటర్లు చూస్తుంది, సెంటీమీటరు పువ్వు ఐదో వంతు ఆక్రమిస్తుంది. కానీ పెరట్లో రెండిటికీ పోలికే లేదు. 2 సెంటీమీటర్లంటే ఫోన్ నీడ పువ్వు మీదే పడుతుంది. కొమ్మ కొంచెం ఊగితే రేకు వచ్చి లెన్స్‌కి తగులుతుంది. తేనెటీగ ఉంటే అది ఎగిరిపోతుంది, లేదా మీరు ఎగిరి గంతేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అల్ట్రావైడ్ చూపు విశాలం కాబట్టి పువ్వు వెనకాల గోడ, దండెం మీద ఆరేసిన లుంగీ, పక్కింటి వాటర్ ట్యాంక్ అన్నీ ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాయి. టెలిఫొటోలో వెనక కొంచెమే కనబడుతుంది, అదీ మెత్తగా కరిగిపోయి. చెట్టు పూతకి నా ఓటు ఎప్పుడూ టెలిఫొటోకే.

ఇక వెనకాల మూడో కన్నులా పెట్టే 2 మెగాపిక్సెల్ 'మాక్రో' సంగతి. వీటిలో చాలావాటికి ఆటోఫోకస్ ఉండదు. సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్‌ని ఫిక్స్ చేసి పెడతారు. అటూ ఇటూ కొంచెం జరిగితే అంతే సంగతులు. టేబుల్ మీద పెట్టిన నాణేనికి పనికొస్తుంది, గాలికి ఊగే కొమ్మకి పనికిరాదు. ఆ పేరు చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

మరి చేతిలో ఉన్నది మామూలు ఫోనే అయితే? పువ్వు మీదకి వెళ్లకండి, వెనక్కి రండి. 48 లేదా 50 మెగాపిక్సెల్ మెయిన్ సెన్సర్ ఉన్న ఫోన్లలో చాలావరకు 2ఎక్స్ నొక్కితే సెన్సర్ మధ్య భాగంలోని పిక్సెల్స్‌నే తీసుకుని 12 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తాయి. మామూలు డిజిటల్ జూమ్‌లా సాగదీసింది కాదు. పాతిక సెంటీమీటర్ల దూరంలో 2ఎక్స్ పెట్టి, ఒక్క పువ్వు కాకుండా మొత్తం గుత్తిని ఫ్రేమ్ చేయండి. చెట్టు పూత అందం గుత్తిలోనే ఉంటుంది కదా, ఒంటరి పువ్వులో కాదు.

ఒక్క పువ్వే కావాలి అని పట్టుబడితే క్లిప్ లెన్స్ ఉంది. ఇక్కడా డబ్బా మీద 15ఎక్స్, 20ఎక్స్ అని పెద్ద అంకె ఉంటే మోసపోకండి. భూతద్దం పవర్ పెరిగే కొద్దీ పని చేయాల్సిన దూరం తగ్గిపోతుంది. నగల షాపులో కంటికి పెట్టుకునే 10ఎక్స్ లూప్‌కి ఆ దూరం రెండున్నర సెంటీమీటర్లే. చదువుకోడానికి వాడే 2.5ఎక్స్ భూతద్దానికి 10 సెంటీమీటర్లు. పెరటికి తక్కువ పవర్ ఉన్నదే మంచిది. ఇంట్లో తాతయ్య పేపర్ చదివే భూతద్దం ఉంటే ముందు దాన్నే లెన్స్ ముందు పట్టుకుని చూడండి, తర్వాత కొనాలో వద్దో ఆలోచించొచ్చు.

ఐఫోన్ ప్రో వాడేవాళ్లకి ఒక మాట. పువ్వుకి దగ్గరగా వెళ్లగానే స్క్రీన్ మీద చిన్న పువ్వు గుర్తు వస్తుంది. అంటే ఫోన్ మీకు చెప్పకుండానే అల్ట్రావైడ్‌కి మారిపోయింది. దాన్ని ట్యాప్ చేసి ఆపేయొచ్చు. శాంసంగ్ అల్ట్రా ఫోన్లలో ఫోకస్ ఎన్‌హాన్సర్ కూడా ఇలాంటిదే. ఫోన్ ఏ కెమెరాతో తీస్తోందో తెలియకపోతే వేలితో ఒక్కో లెన్స్ మూసి చూడండి, దొరికిపోతుంది.

తెల్ల పువ్వు, తెల్ల ఆకాశం

మునగ పువ్వుని ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే రేకుల మీద ఈనెలేవీ కనబడవు, సున్నం పూసినట్టు ఉంటుంది. ఫోన్ ఫ్రేమ్ మొత్తాన్ని చూసి, ఆకులు చీకటిగా ఉన్నాయని వెలుగు పెంచేసింది. పువ్వు కాలిపోయింది. హెచ్‌డీఆర్ కొంత కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు. పువ్వు మీద వేలు పెట్టి కొద్దిసేపు అలాగే నొక్కి ఉంచితే ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందకి లాగండి. ప్రో మోడ్ ఉంటే ఈవీ మైనస్ 0.7 దగ్గర మొదలుపెట్టండి. ఫొటో కాస్త నల్లగా వచ్చినా ఎడిట్‌లో పైకి లేపొచ్చు. పూర్తిగా తెల్లబడిన రేకులో మళ్లీ తెచ్చుకోడానికి ఏమీ మిగలదు.

దానిమ్మ పువ్వుకీ ఇదే జబ్బు, కాకపోతే ఎరుపులో. ఫొటో మొత్తం మామూలుగానే ఉన్నా ఎరుపు ఒక్కటే నిండిపోయి రేకుల ముడతలు మాయమవుతాయి. కలర్ 'వివిడ్' మీద ఉంటే ఇంకా ఘోరం. దాన్ని నేచురల్‌కి మార్చేయండి.

సెట్టింగ్స్ కంటే పెద్ద తేడా మీరు నిలబడే చోటు తెస్తుంది. చెట్టు కింద నుంచి పైకి తీస్తే వెనక ఎప్పుడూ ఆకాశమే. అదే డాబా ఎక్కితే వేప కొమ్మలు కంటి ఎత్తుకి వస్తాయి, వెనక నేలో, ఇంకో చెట్టు నీడో ఉంటుంది. తెల్ల పూత వెనక ముదురు రంగు పడగానే సగం ఫొటో గెలిచినట్టే. డాబా లేకపోతే నల్ల గొడుగు తెరిచి పూగుత్తి వెనక ఎవరినైనా పట్టుకోమనండి. బ్యాక్‌గ్రౌండ్ రెడీ, పైగా గాలికి అడ్డు. వందల రూపాయలు పోసి కొనే స్టూడియో సామాను కంటే ఇది నయం.

టైమింగ్ కూడా చెప్పాలి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఎండ మెత్తగా ఉంటుంది, గాలి తక్కువ, తేనెటీగలు, నల్ల తుమ్మెదలు అప్పటికే మునగ మీద డ్యూటీ ఎక్కి ఉంటాయి. వేసవిలో పదకొండు దాటాక వెళ్తే పూల కంటే ముందు ఫోన్ వాడిపోతుంది. ఐఫోన్ వాడాల్సిన పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపే అని యాపిలే చెబుతోంది. మన దగ్గర మార్చి చివరికే దాన్ని దాటేస్తున్నాం. స్క్రీన్ బ్రైట్‌నెస్ దానంతట అదే పడిపోతే ఎండలో ఏం తీస్తున్నారో మీకే కనబడదు.

గాలితో పోరాటం

ఆటో మోడ్‌లో ఫోన్ ఒక్క ఫొటో తీయదు. వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలుపుతుంది. ఆ మధ్యలో కొమ్మ ఊగితే పువ్వుకి రెండు అంచులు, లేదా మైనం కరిగినట్టు మరకలు వస్తాయి. ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ సెకనులో 500వ వంతుకి పెట్టండి, ఐఎస్‌ఓ ఆటో వదిలేయండి. పగటి వెలుగులో నాయిస్ పెద్దగా రాదు. ప్రో మోడ్ లేకపోతే బర్స్ట్ లాగించండి. ముప్పైలో రెండు నిలుస్తాయి.

కొమ్మని పట్టుకోవడానికి ఇంకో పని చేయొచ్చు. ఒక కర్ర నేలలో గుచ్చి, దానికి బట్టల క్లిప్పుతో కొమ్మని మెల్లగా తగిలించడం. పువ్వుని కాదు, కొమ్మనే. పువ్వు తెంపి టేబుల్ మీద పెట్టి తీయడం చాలా తేలిక, కానీ మామిడి పూత తెంపితే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారో మీకు తెలుసు. ఆ కోపంలో న్యాయం కూడా ఉంది. ఒక గుత్తిలో వందల నుంచి వేల దాకా పూలుంటాయి, వాటిలో ఎక్కువ మగపూలే, చివరికి కాయలుగా నిలిచేవి ఏ కొన్నో.

వేప కొమ్మ అందలేదని స్టీలు సెల్ఫీ స్టిక్ పొడుగ్గా లాగి పైకెత్తేవాళ్లు ముందు కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకోండి. పూల కోసం అంత సాహసం అక్కర్లేదు.

వేప, పారిజాతం: రెండు పరీక్షలు

ఏదైనా ఫోన్ కెమెరాని నమ్మాలా వద్దా అని తేల్చడానికి నేను వేప పూతని వాడమంటాను. ఉగాది పచ్చడిలో వేసుకునే ఆ పువ్వుని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ఐదు సన్నని తెల్ల రేకులు, మధ్యలో కేసరాలన్నీ కలిసిపోయి చిన్న గొట్టంలా నిలబడి ఉంటాయి. ఆ గొట్టం పై అంచు విడివిడిగా కనబడితే ఆ లెన్స్ నిజంగా పని చేస్తోంది. తెల్లటి ముద్దలా కనబడితే డబ్బా మీద ఎంత పెద్ద అంకె ఉన్నా లాభం లేదు.

పారిజాతం ఇంకో రకం. సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతుంది కాబట్టి ఫొటో చెట్టు మీద కాదు, నేల మీద. ఇక్కడ గాలి సమస్య లేదు, కదలిక లేదు, అసలు సమస్య రంగు. తెల్లవారుజామున వెలుగు నీలంగా ఉంటుంది, పువ్వు కాడ కాషాయం. ఆటో వైట్ బ్యాలెన్స్ ఒక్కో ఫొటోకి ఒక్కో రంగు ఇస్తుంది. ప్రో మోడ్‌లో 5500 కెల్విన్ దగ్గర కట్టేసి తీస్తే అన్నీ ఒకేలా వస్తాయి, ఆ నీలం కూడా నిలుస్తుంది. ఫోన్‌ని నేలకి ఆనించి, తలకిందులుగా తిప్పి, లెన్స్ మట్టికి దగ్గరగా పెట్టి తీయండి. నిలబడి పైనుంచి తీసిన దానికీ దీనికీ తేడా చూస్తే మళ్లీ నిలబడి తీయరు.

ఫోన్ గీసిన పూలు

పోర్ట్రెయిట్ మోడ్ పూతకి పెట్టొద్దు. మనిషి తల చుట్టూ గీత గీయడానికి నేర్పిన సాఫ్ట్‌వేర్ అది. మామిడి గుత్తిలో సన్నని కాడల మధ్య ఖాళీలను అది వదిలేస్తుంది, లేదా సగం కాడలను బ్యాక్‌గ్రౌండ్‌తో పాటు చెరిపేస్తుంది. దగ్గరగా తీసిన టెలిఫొటోలో వచ్చే సహజమైన బ్లర్ ఉండగా ఈ కత్తిరింపు దేనికి?

దీనికంటే పెద్ద తలనొప్పి ఏఐ. 2023లో శాంసంగ్ ఫోన్ చంద్రుడి ఫొటోల మీద జరిగిన గొడవ గుర్తుందా? రెడిట్‌లో ఒకాయన కావాలనే మసకబార్చిన చంద్రుడి బొమ్మని మానిటర్ మీద పెట్టి తీస్తే, ఫోన్ అందులో లేని వివరాలు కలిపి ఇచ్చింది. చంద్రుడంటే అందరికీ తెలిసిన మొహం కాబట్టి దొరికిపోయింది. మీ పెరట్లో మామిడి పూత అసలు ఎలా ఉందో ఎవరికి తెలుసు? 30ఎక్స్ జూమ్‌లో సాఫ్ట్‌వేర్ రేకులకి పదును పెడితే అది నిజమో, ఊహో ఫొటో చూసి చెప్పలేం.

ఇన్‌స్టాలో పెట్టుకోడానికైతే ఎలా ఉన్నా నష్టం లేదు. కానీ ఊళ్లో చాలా ఇళ్లల్లో ఇప్పుడు పూత ఫొటో ఇంకో పనికి వెళ్తోంది. చెట్టుకి ఏదో అయిందని నాన్నో, బాబాయో ఫొటో తీసి తెలిసిన వ్యవసాయ అధికారికో, మందుల షాపుకో వాట్సాప్ చేసి 'ఏం కొట్టమంటారు' అని అడుగుతారు. మామిడి పూతకి వచ్చే బూడిద తెగులు మొదట్లో గుత్తి మీద తెల్లని పల్చటి పొడిలా ఉంటుంది. ఫోన్‌లోని నాయిస్ రిడక్షన్‌కి అది ధూళిలా, అంటే తుడిచేయాల్సిన సరుకులా కనబడుతుంది. నున్నగా తుడిచేసి, ఆరోగ్యంగా మెరిసే పూత చూపిస్తుంది. తేనెమంచు పురుగు పట్టినప్పుడు ఆకులు, పూలు జిగటగా మెరుస్తాయి, తర్వాత నల్లని మసి పడుతుంది. ఆ మెరుపు ఫోన్ పెంచిన షార్ప్‌నెస్ వల్లా, జిగట వల్లా అన్నది అవతలి మనిషికి తెలియదు. ఒకటి బూజు, రెండోది పురుగు. ఒకదానికి కొట్టే మందు ఇంకోదానికి పనికిరాదు. పూత నిలిచేదే కొద్ది వారాలు, తప్పు మందుకి అందులో ఒక వారం పోతే ఆ ఏటి కాపు మీద దెబ్బ పడుతుంది.

అందుకని ఈ పనికి తీసే ఫొటోలో సీన్ ఆప్టిమైజర్, ఏఐ కెమెరా లాంటివి ఆఫ్ చేయండి. మెయిన్ కెమెరా 1ఎక్స్‌లో కానీ 2ఎక్స్‌లో కానీ తీయండి, అంతకు మించి జూమ్ వద్దు. గుత్తి మొత్తం ఒకటి, దగ్గరగా ఒకటి, ఆకు వెనక వైపు ఒకటి. పక్కన రూపాయి బిళ్ళ పట్టుకుంటే సైజు తెలుస్తుంది. మీ ఫోన్‌లో రా ఫార్మాట్ ఉంటే అదే పువ్వుని రాలో ఒకటి, ఆటోలో ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఫోన్ ఎంత తుడుస్తోందో ఒక్కసారికే అర్థమైపోతుంది. ఇంకో చిన్న విషయం, ఆ జిగట లెన్స్‌కి కూడా అంటుతుంది. పూత కింద పది నిమిషాలు నిలబడ్డాక ఫొటోలన్నీ పొగమంచులో తీసినట్టు వస్తుంటే ముందు లెన్స్‌ని మెత్తటి తడిగుడ్డతో తుడవండి.

కొత్త ఫోన్ కొనే ప్లాన్‌లో ఉంటే

షాపులో డెమో ఫోన్ చేతిలోకి తీసుకుని రూపాయి బిళ్ళ టేబుల్ మీద పెట్టండి. ఒక్కో లెన్స్‌తో ఎంత దగ్గరికి వెళ్తే ఫోకస్ పడుతోందో, అప్పుడు బిళ్ళ ఫ్రేమ్‌లో ఎంత నిండుతోందో చూడండి. 3ఎక్స్ నొక్కి దగ్గరికి వెళ్లగానే ఫ్రేమ్ చటుక్కున ఎగిరినట్టు మారితే, ఫోన్ టెలిఫొటో వదిలేసి మెయిన్ కెమెరాని క్రాప్ చేస్తోందని అర్థం. సేల్స్‌మ్యాన్ ఈ మాట చెప్పడు. బడ్జెట్ 20 వేల లోపైతే టెలిఫొటో మీద ఆశ పెట్టుకోకుండా, మంచి మెయిన్ సెన్సర్, పూర్తి ప్రో మోడ్ ఉన్నది చూసుకోండి.

చివరగా ఫొటో పంపడం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే కంప్రెస్ అయి పోతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత నయం. ఒరిజినల్ ఫైలే కావాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపినప్పుడు ఫొటోతో పాటు అది తీసిన చోటు కూడా వెళ్తుంది, కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆన్‌లో ఉంటే. పెరడు అంటే మీ ఇంటి అడ్రసే కదా. తెలిసినవాళ్లకైతే ఫర్వాలేదు, ఏదో గ్రూప్‌లో పెడుతుంటే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసి తీయండి.